కుడి చక్రం కింద రాయి

ఎద్దులు పోయి, కొట్టంలో కారొక్కటే మిగిలిన ఎండాకాలం అది. రెండువేల మూడో సంవత్సరం. అంతకు ముందు వరసగా మూడేళ్లు శనక్కాయ వేస్తే, మూడేళ్లూ వేసిన విత్తనం కూడా తిరిగి ఇంటికి రాలేదు. ఉరవకొండ నుంచి బళ్ళారికి పోయే దారిలో మా ఊరు. శివరాత్రికి ముందే మా బోరు నీళ్లు మాని గాలి కక్కింది. దాని పక్కన వేయించిన రెండో బోరులో తెల్లటి రాతిపిండి లేచింది తప్ప తడి తగల్లేదు.

మేత లేక చివరికి కొట్టం కప్పు మీది పాత కసువు పీకి ఎద్దులకు వేశాం. అదీ అయిపోయాక ఒక పొద్దున మా ఆయన వాటిని సంతకు తోలుకుపోయాడు. ఆయన పేరు పుల్లన్న. తిరిగొచ్చి, ముల్లుకర్ర గోడకు ఆనించి, కాళ్లయినా కడుక్కోకుండా కొట్టంలోకి పోయి కారు మీది గుడ్డ తీసి తుడుస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఎద్దుల్ని అమ్మేసొచ్చి దీన్ని తుడుస్తాండావా? ఇదేమన్నా సేద్యం చేస్తాదా?" అన్నాను.

"అవి మేత అడిగినాయి. ఇది అడగల్యా," అన్నాడు తల తిప్పకుండా.

అది స్టాండర్డ్ హెరాల్డ్. శనక్కాయ విరగపండిన ఒక ఏడు మా మామ మద్రాసు నుంచి కొనుక్కొచ్చిన బండి. దాని ముందు మూత ఎత్తితే లైట్లతో సహా ముఖమంతా మొసలి నోరులా ముందుకు తెరుచుకుంటుంది. మామ పోయాక అమ్మేయమని చెప్పని వాళ్లు లేరు. ఈయన వినలేదు. పొలం పని లేని రోజల్లా దాని కిందనే. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికొడుకును ఊరేగించడానికి అడిగితే తనే నడిపేవాడు. బాడుగ ఇస్తామంటే మాత్రం కోపమొచ్చేది.

అంతకు ముందు ఏడు, దసరా ముందర, ఊరి మలుపులో దాని ఎడమ ముందు చక్రం, కాలు విరిగిన కోడిలా, లోపలికి మడుచుకుపోయింది. ముందు చక్రాన్ని అడుగు నుంచి పట్టుకుని ఉండే ఇత్తడి ముక్క ఒకటుంటుంది, పిడికిలంత. ట్రనియన్ అంటారు. అది అరిగి ఊడిపోయింది. బండిని తప్పు పట్టడానికి లేదు, మా గతుకుల దార్లను ముప్పై ఏళ్లకు పైగా ఓర్చుకుంది. ఆ రోజు నుంచి ఎడమ పక్క రాళ్ల మీద నిలబడి ఉంది.

ఆ ముక్క దొరికేది బళ్ళారిలో తిప్పేస్వామి దగ్గర ఒక్కచోటే.

నాకు సవతంటూ ఉంటే అది తిప్పేస్వామేనని మా చెల్లెళ్లతో అంటుండేదాన్ని. మా ఆయన నెలకోసారైనా బళ్ళారి పోయేవాడు. పంట చేతికొచ్చిన ఏడు మొదటి మూట శనక్కాయలు ఆ ఇంటికే. తిప్పేస్వామిది కౌల్ బజారు సందులో ఇరుకు అంగడి. మూతపడిన గ్యారేజీలన్నీ తిరిగి, మద్రాసు వరకూ పోయి, పాత బండ్ల సామాన్లు పోగేసుకున్న మనిషి. అడగ్గానే ఇచ్చేవాడు కాదు. దుడ్లు ముందు పెడితే అసలే ఇచ్చేవాడు కాదు. "బండి యాడ? తెచ్చినావా? పోనీ, విరిగిన ముక్కన్నా తెచ్చినావా?" అని అడిగేవాడట. కొని ఇంకొకరికి అమ్ముకునే వాడైతే రెండు ప్రశ్నల్లో పట్టేసి బయటికి పంపేవాడు. ఈ ట్రనియన్ కోసం పోతే మా ఆయన్ను కూడా మొదటిసారి టీ తాగించి ఉత్త చేతులతో పంపాడు. రెండోసారి అరిగిన ముక్కను తిప్పి తిప్పి చూసి, "దీనికి ఆయిలు పెట్టింటే ఇట్లయ్యేదా? పెండ్లాన్ని ఉపాసం పెట్టినా దీన్ని పెట్టకూడదప్పా," అని తిట్టాడట. ఆ మాట ఇంటికొచ్చి నాకే చెప్పి నవ్వాడు ఈయన. నేను నవ్వలేదు.

ఎద్దులు పోయిన కొన్నాళ్లకు నల్లప్ప అనే మధ్యవర్తి ఒకాయన్ను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చిలమత్తూరు దగ్గర హైవే పక్కన హోటలు కట్టాడట. దాని ముందు పాత కారొకటి నిలబెట్టుకోవాలని ఆశ. హెరాల్డ్ చుట్టూ తిరిగి చూశాడు. తలుపు తీసి వేసి, ఆ చప్పుడు విని సంతోషపడ్డాడు.

"కానీ నడిచే బండే కావాలన్నా నాకు. లారీ మీద యేసుకుపోతే మర్యాద కాదు. మా హోటలు దాకా దాని కాళ్ల మీద అది రావల్ల," అన్నాడు.

ఆయన చెప్పిన ధరకు మూడో బోరూ, ముంగారు వానలకు విత్తనమూ రెండూ అవుతాయి. నేను గడపలో నిలబడి మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ వైపు చూశాడు.

"బళ్ళారి నుంచి ముక్క రానీ. చూద్దాం," అన్నాడు.

వాళ్లు పోయాక మళ్లీ కారు మీద గుడ్డ కప్పాడు. తర్వాత, "దాని చుట్టూ పూలకుండీలు పెడతాడంట," అన్నాడు.

"పెట్టనీ. ఆడ పూలకన్నా నీళ్లుంటాయి," అన్నాను.

ఉగాది దాటాక ఊళ్లోని ఫోన్ బూత్‌కు కబురొచ్చింది, తిప్పేస్వామి రమ్మంటున్నాడని. ఈసారి నేనూ బయల్దేరాను. ఆ ముక్క చేతిలో పడేదాకా ఈయన్ను ఒంటరిగా పంపితే, మళ్లీ టీ తాగి తిరిగొస్తాడని నా భయం. మూట కట్టడానికి శనక్కాయలు లేవు. ఈయన ఖాళీ సంచి చంకలో పెట్టుకుని, అది అవమానంగా తోచి, మళ్లీ ఇంట్లోనే పెట్టేశాడు.

బళ్ళారి దగ్గరపడేకొద్దీ దారి నిండా ఇనుప రాయి మోసే టిప్పర్లు. బస్సు కిటికీలు మూసినా ఎర్రదుమ్ము నా పమిట మడతల్లోకి చేరింది. తిప్పేస్వామి అంగడికి కొత్త బోర్డు కట్టి ఉంది, టిప్పర్ల టైర్లూ సామాన్లూ అని. లోపల గోడల మీద మేకులే మిగిలాయి, సామాన్లు సగం లేవు. వెనక గదిలో తిప్పేస్వామి మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను చూడటం అదే మొదటిసారి. ఆరడుగుల మనిషి. కుడి చెయ్యి ఎవరిదో వస్తువులా ఒడిలో పడి ఉంది. మూతి ఒక పక్కకు లాగేసింది.

"ఎప్పుడైంది స్వామన్నా? నాకొక మాట చెప్పలేదే!" అన్నాడు మా ఆయన.

జవాబు కొడుకు చెప్పాడు. ముప్పై ఏళ్లుంటాయి అతనికి. మాకు కుర్చీలు వేసి, బొరుగుల వగ్గరణీ, మిరపకాయ బజ్జీ తెప్పించాడు. చెడ్డవాడిలా లేడు.

"నెల రోజులాయ అన్నా. ఆసుపత్రిలో బతుకుతాడో లేదో తెలీకుండె. మా ఇంట్లో ఇంతమంది తినల్ల. ఈ పాత బండ్లకు ఎవరొస్తారు, నెలకు ఇద్దరు ముగ్గురు. బయట చూడు, టిప్పర్లు నిమిషానికొకటి పోతాండాయి." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "అంగడి ఖాళీ చేస్తా ఇత్తడంతా మూటగట్టి తూకానికేసినా. చెత్తనుకున్నాన్నా. ఒట్టు," అన్నాడు.

తిప్పేస్వామి గోడ వైపు తిరిగాడు. మా ఆయన ముఖం చూస్తే, ఇంట్లో చావు కబురు విన్నవాడిలా ఉంది.

కొడుకు టీకి చెప్పడానికి బయటికి పోయాక తిప్పేస్వామి ఎడమ చేత్తో తలగడ కింద తడిమి, నూనె మరకల గుడ్డలో చుట్టిన ముక్క తీశాడు. జబ్బు చేయకముందే మాకోసం ఇంటికి తెచ్చి పెట్టుకున్నాడట. అందుకే మిగిలింది.

"ఎడమది. నీదే," అన్నాడు. మాట ముద్దగా వస్తోంది, ఒక్కో మాటకూ ఆగుతున్నాడు. "కుడివి నాలుగుండె. ఒగటీ ల్యా. గుంతకల్లులో కృపాకుమారి అని… వాళ్ల నాయన కాలం నుంచి నా దగ్గరికే వస్తారు. కుడిది ఇస్తానని మాటిచ్చినా. ఏం చెప్పల్ల ఆ పాపకి?"

"ఎడమది కుడికి పనికిరాదా?" అని అడిగాను నేను.

"మర ఎదురు తిరిగి ఉంటాది. ఎక్కదు," అన్నాడు మా ఆయన నెమ్మదిగా.

తిప్పేస్వామి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "మిగిలిన ఇనుమంతా నువ్వు తీసుకపో పుల్లన్నా. ఈడుంటే అదీ పోతాది. నీ కొట్టం ఖాళీగా ఉండాదంటివి కదా. అడిగినోళ్లకు అమ్ము, తిను. నాకేమీ ఇయ్యొద్దు. ఇచ్చే ముందు బండి చూడు, అంతే."

మా ఆయన నా వైపు చూడలేదు. చూస్తే నేనేమంటానో ఆయనకు తెలుసు. సరే అని తల ఊపాడు.

రెండు రోజులకు ట్రాక్టరొచ్చింది. చెక్కపెట్టెలు, గోనెసంచులు, తుప్పు రంగు డ్రమ్ములు, లైట్ల చుట్టలు, పళ్లచక్రాలు, ఎందుకో నాకు తెలియని రబ్బరు ముక్కలు. ఎద్దులు నిలబడే చోట, గాడి పొడవునా, కప్పు ఉన్నచోటా లేనిచోటా అన్నీ పేర్చారు. మా పొలం పని చేసే మారెప్ప, ఆయన భార్య హనుమక్క కూడా మోశారు.

"గింజలొస్తాయని చూస్తాంటే ఇనుమొచ్చిందే," అంది హనుమక్క.

నీళ్ల ట్యాంకరొచ్చే వేళయింది, బిందె తీసుకుని వీధిలోకి పోయాను.

ఆ వారంలోనే ఈయన ముక్క బిగించాడు. బండి దించి, బ్యాటరీ తగిలించి తిప్పితే దగ్గి దగ్గి అందుకుంది. చాలా రోజుల తర్వాత ఈయన పళ్లు చూశాను నేను. "ఎక్కు రామలక్ష్మీ, ఒక సుట్టు పోయొద్దాం," అన్నాడు. ఎక్కాను. బడి దగ్గర గంజి కేంద్రం పెట్టారు ఆ ఏడు. గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడిన వాళ్లు మా బండి చప్పుడుకు తిరిగి చూశారు. అందరూ తెలిసిన ముఖాలే. మా చేలో శనక్కాయ పీకిన ఆడవాళ్లు. ఒకామె నవ్వి చెయ్యి ఊపింది. నాకు ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"తిప్పుకో," అన్నాను.

ఆయన కూడా వాళ్లను చూశాడు. బండి వెనక్కి తిప్పాడు. దిగేటప్పుడు, "ఆ హోటలాయనకు కబురు పెట్టు. సోమవారం వచ్చి తోలుకుపొమ్మను," అన్నాడు. నల్లప్పకు నేనే ఫోన్ చేయించాను.

శనివారం మిట్టమధ్యాహ్నం బస్సు దిగి ఒకామె గొడుగు వేసుకుని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. నూలు చీర, మెడలో సన్నటి సిలువ. గడపలోనే ఆగి, "పుల్లన్న గారిల్లు ఇదేనా అక్కా? గుంతకల్లు నుంచి వచ్చినా. నా పేరు కృపాకుమారి," అంది.

బళ్ళారి పోయిందట. తిప్పేస్వామికి పక్షవాతం మళ్లీ వచ్చి, ఉన్న కాస్త మాట కూడా పడిపోయిందట. ఆమెను చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడే గానీ ఏమీ చెప్పలేకపోయాడు. కొడుకే మా ఊరి పేరు చెప్పాడు. ఆమె చేతిసంచిలోంచి అరిగిన ఇత్తడి ముక్క తీసి మా ఆయన చేతిలో పెట్టింది.

"ఇట్లాంటిది ఆ పెట్టెల్లో యాడన్నా పడిందేమో చూడన్నా. కుడి పక్కది."

మేము ముగ్గురం కొట్టంలో కూర్చుని పెట్టెలన్నీ తిరగేశాం. ఆమెకు ఆ సామాన్ల పేర్లన్నీ తెలుసు. ఒక్కొక్కటీ తీసి మా ఆయనతో, "ఇది గేరుబాక్సుది, ఇది పారేయొద్దన్నా, దొరకదు," అంటుంటే, ఈయన ఆ మాటలకు తలూపుతూ వేరేగా పెడుతున్నాడు. మధ్యలో వాళ్ల నాయన సంగతి చెప్పింది. రైలు ఇంజన్ డ్రైవరు. రిటైరయ్యే ముందు ఒక రైల్వే డాక్టరు దగ్గర ఆ హెరాల్డ్ కొన్నాడు. ఇప్పుడు కళ్లు కనపడవు.

"చక్రం ఇరిగినట్నుంచి పొద్దున్నే పోయి బండిలో కూర్చుంటాడు అక్కా. హారన్ కొడతాడు. కుమారీ, టైమైంది, తీ అంటాడు. చెడిపోయిందని చెప్తే సరేనంటాడు. మళ్లీ మరుసటి రోజు కొడతాడు."

పెట్టెల్లో కుడి ముక్క లేదు. ఉండదని మా ఆయనకు ముందే తెలుసు. ఆమెకు సంగటి, ఉల్లిగడ్డ కారం పెట్టాను. తిని, చెయ్యి కడుక్కుని, మా కారు దగ్గరికి పోయి బానెట్ మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. కుడి చక్రం వైపు ఒకసారి చూసింది. అడగలేదు. అడిగి ఉంటే లేదని చెప్పడం నాకు సులభమయ్యేది.

"వస్తానన్నా. యాడన్నా కనపడితే చెప్పండి," అని గొడుగు తీసుకుంది.

మా ఆయన గుంజకు ఆనుకుని నేలకేసి చూస్తున్నాడు. ఆయన నోరు విప్పడని నాకు అర్థమైంది. సోమవారం రాబోయేది నా బోరు. నా విత్తనం. ఎద్దులు పోయిన రోజు నుంచి నేనే అడుగుతున్నాను వాటిని.

"బస్సుకు శానా టైముండాది. కూచోమ్మా," అన్నాను ఆమెతో. తర్వాత ఆయన వైపు తిరిగి, "కుడి చక్రం కింద రాయి పెట్టు," అన్నాను.

ఆయన తలెత్తాడు. "సోమవారం…"

"నాకు తెలుసు. మూడో బోరులో మాత్రం నీళ్లు పడతాయని ఎవరు చెప్పినారు?"

ఆయన జాకీ తెచ్చాడు. నేను దొడ్డిగోడ నుంచి కూలిన రాళ్లలో చదునైనది చూసి దొర్లించుకొచ్చాను. కృపాకుమారి "వద్దన్నా" అని రెండుసార్లు అంది. మూడోసారి అనలేదు. మా కుడి చక్రం ముక్క విప్పడానికి చానాసేపు పట్టింది. ఈయన ముక్కను కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఆమెకిస్తూ, "బిగించేముందు ఆయిలు నింపమని చెప్పు మెకానిక్‌కు. గ్రీసు కాదు," అన్నాడు. ఆమె దాన్ని కొంగులో చుట్టుకుని, బస్సులో ఒడిలో పెట్టుకుని పోయింది.

సోమవారం హోటలాయన వచ్చాడు. ఎడమ పక్క బాగైన బండి ఇప్పుడు కుడి పక్క రాయి మీద ఉండటం చూసి, ఎగతాళి చేస్తున్నామనుకున్నాడు. నల్లప్ప నన్ను పక్కకు పిలిచి, "ఇంట్లో కరువు కూచోనుంటే మీకిదేం బుద్ధమ్మా!" అన్నాడు. నిజమే. మజ్జిగ కూడా లేదు ఇవ్వడానికి, నీళ్లిచ్చాను.

జ్యేష్ఠంలో తిప్పేస్వామి పోయాడు. బళ్ళారి పోయొచ్చాం. కొడుకు మా ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

అప్పటికే బూత్‌కు ఫోన్లు మొదలయ్యాయి. కృపాకుమారి తనకు తెలిసిన వాళ్లందరికీ మా ఊరి నంబరిచ్చింది. నెల్లూరు నుంచి ఒకరు, హాసన్ నుంచి ఒకరు. బెంగళూరు నుంచి ఒకాయన నేరుగా బండేసుకునే వచ్చాడు. మా ఆయన ఆ బండి చుట్టూ తిరిగి, ఇంజను కాసేపు విని, పెట్టెలోంచి ఆయనకు కావలసింది తీసిచ్చాడు. ఆ రోజు ఇంట్లోకి బియ్యం వచ్చాయి. అదే మా జీవనమవుతుందని అప్పటికింకా ఇద్దరికీ తెలియదు. ముంగారుకు విత్తనం కొనలేదు, అంతే. చేను మారెప్పకు కోరుకిచ్చాం, పండినదాంట్లో చెరో పాలు. "ఒక ఏడాది చూద్దాంలే," అన్నాడు ఈయన. నేనూ అదే అన్నాను.

వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. బళ్ళారి వైపు నుంచి గాలి లేచి, ఎర్రదుమ్మంతా ఒక్కసారి నేలకు దిగి, పెద్దపెద్ద చినుకులు. ఊరు ఊరంతా వీధిలోకి వచ్చేసింది. హనుమక్క మా వాకిట్లో రెండు చేతులూ చాపి, నోరు తెరిచి నిలబడింది. మారెప్ప తలపాగా చేత్తో పట్టుకుని చేని వైపు పరిగెత్తాడు.

మేమిద్దరం కొట్టంలోకి పరిగెత్తాం. కప్పు ఎద్దులు తినేసిన చోటల్లా నీళ్లు ధారలుగా పెట్టెల మీద పడుతున్నాయి. గోనెపట్టలు, దుప్పట్లు, చేతికి దొరికినవన్నీ కప్పాం. చాల్లేదు. చెరో కొస పట్టుకుని పెట్టెలు ఇంట్లోకి మోయడం మొదలుపెట్టాం. వంటింట్లో, దేవుని పటాల కింద, మంచం మీద. ఎన్నిసార్లు తిరిగామో తెలియదు. నా నడుం విరిగిపోతోంది. పళ్లచక్రాల పెట్టె ఎత్తినప్పుడు ఆయన కాలు బురదలో జారింది.

"థూ, ఈ పాడు వాన కొంచేపు నిలబడితే ఏం పోతాది!" అన్నాడు.

అని, ఆగిపోయాడు. ఆ ఇంట్లో ఆయన గానీ, ఆయన నాయన గానీ, అంతకు ముందు వాళ్లు గానీ ఆ మాట అని ఉండరు. ముఖం మీంచి నీళ్లు కారుతున్నాయి. పెట్టె పట్టుకుని, వీధిలో తడుస్తున్న జనాన్ని చూస్తూ అట్లాగే నిలబడ్డాడు.

రెండో కొస నా చేతుల్లో ఉంది.

"నడువు," అన్నాను. "చేతులు నొస్తాండాయి."